ఊళ్ళో క్రిస్మస్ నాటకం వేయాలంటే: ముందు మైకు, తర్వాతే మరియమ్మ

స్క్రిప్టు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మైకు సంగతి తేల్చుకోండి. ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల పల్లెల్లో నేను చూసిన క్రిస్మస్ నాటకాల్లో సగానికి సగం చెడిపోయింది నటన రాక కాదు, మూడో వరస దాటితే ఒక్క ముక్క వినపడక. గబ్రియేలు దూత ఒక్క డైలాగు చెప్పి చేతి మైకు మరియమ్మకి అందించి, ఆమె జవాబు చెప్పి మళ్ళీ ఆయనకిస్తుంటే అది నాటకంలా ఉండదు, గ్రామసభలా ఉంటుంది. పద్యనాటకాల వాళ్ళు చేసినట్టు పైన అడ్డకర్రకి రెండు మైకులు వేలాడదీయించండి. డైలాగు ఎవరిదైతే వాళ్ళు మైకు కిందకి రావాలి, అయిపోగానే పక్కకి జరగాలి, అంతే. రిహార్సల్‌కి మైకు ఎవరూ తెచ్చివ్వరు కాబట్టి దూలానికి దారం కట్టి ఒక ఉల్లిపాయ వేలాడదీయండి. మొదటి రెండు రోజులు నవ్వుతారు, మూడో రోజు నుంచి కాళ్ళు వాటంతటవే ఉల్లిపాయ కిందకి పోతాయి.

రిహార్సల్స్ నవంబరు చివరి వారంలో మొదలుపెట్టినా సరిపోతుంది గానీ మనుషులు దొరకడమే కష్టం. నెల్లూరు వైపు అప్పుడే నాట్లు, ప్రకాశం వైపు పొగాకు పనులు, పొద్దున్నుంచి ఒంగి ఒంగి వచ్చినవాడిని సాయంత్రం ఆరింటికి రమ్మంటే రాడు. రాత్రి ఎనిమిదికి పెట్టుకోండి, టీ పెట్టించండి, గంటన్నరకి మించి ఉంచొద్దు.

వేషాల పంపకం దగ్గరే సంఘంలో అలకలన్నీ మొదలవుతాయి, అందరికీ మరియమ్మ వేషమే కావాలి. నిజం చెప్పాలంటే మరియమ్మకి, యోసేపుకి డైలాగులు తక్కువ, కూర్చోవడం ఎక్కువ. ఆ రెండు వేషాలకీ చీటీలు వేసెయ్యండి, ఏ వదినా మిమ్మల్ని నిలదీయదు. నాటకాన్ని మోసేది పసిబిడ్డ యేసుని చంపించాలని చూసిన హేరోదు రాజు, గొర్రెల కాపరులు, సత్రం యజమాని. ఊళ్ళో పౌరాణికాలు ఆడిన పెద్దాయన ఎవరైనా ఉంటే హేరోదు ఆయనకే ఇవ్వండి. దుర్యోధనుడిలా నడుస్తాడు, నడవనివ్వండి, జనానికి అదే కావాలి. కాకపోతే రాగం తీయడం మొదలుపెడితే ఆపడానికి హార్మోనియం అబ్బాయికి ముందే సైగ చెప్పి ఉంచండి.

కథ కోసం ఎక్కడా వెతకొద్దు, బైబిల్లో లూకా మొదటి రెండు అధ్యాయాలు, మత్తయి రెండో అధ్యాయం చాలు. తూర్పు నుంచి బిడ్డని చూడ్డానికొచ్చిన జ్ఞానులు ముగ్గురే అని మత్తయిలో లేదు, ఉన్నవి మూడు కానుకలు: బంగారం, సాంబ్రాణి, బోళం. కాబట్టి మీ దగ్గర ఐదుగురు కుర్రాళ్ళు అలిగి కూర్చుంటే ఐదుగురినీ జ్ఞానుల్ని చేసెయ్యొచ్చు, ఎవరూ తప్పు పట్టలేరు. దేవదూత మాటలు బైబిలు భాషలోనే ఉంచండి, కాపరులు మాత్రం మన యాసలో మాట్లాడాలి. "ఒరే అబ్బయ్యా, ఆ ఎలుగేందిరా, గడ్డివాములు గాని అంటుకున్నాయా?" అని ఒకడు కళ్ళు నులుముకుంటూ లేస్తే, నిద్రకి తూగుతున్న వెనక వరసలు కూడా లేస్తాయి. పెద్దవాళ్ళు కొందరు చివర్లో ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర సీను కూడా కలపమంటారు, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిప్పించిన సంగతి. గొప్ప కథే, కానీ అది వేరే నాటకం, దీంట్లో ఇరికించొద్దు.

ఇంగ్లండులో క్రిస్మస్ రోజుల్లో పాంటోమైమ్ అని ఒకటి ఆడతారు. పేరు చూసి మూకాభినయం అనుకునేరు, మాటలు, పాటలు, అల్లరి అన్నీ ఉంటాయి, కథ మాత్రం క్రీస్తు పుట్టుక కాదు, సిండ్రెల్లా, అల్లావుద్దీన్ లాంటివి. ముసలమ్మ వేషం మగవాడు వేస్తాడు (మనకి కొత్తేం కాదు), విలన్ వస్తే జనం గోల చేస్తారు, వాడు చాటుగా వస్తుంటే "నీ వెనకే ఉన్నాడు" అని పిల్లలంతా అరుస్తారు. విలన్ ఎప్పుడూ నటుల ఎడమ వైపు నుంచి, మంచి దేవత కుడి వైపు నుంచి రావడం వాళ్ళ ఆనవాయితీ. పిల్లల అరుపు, విలన్ ఎడమ నుంచి రావడం, ఈ రెండూ మేం తీసుకున్నాం. హేరోదు భటుడు ఎడమ పక్క నుంచి కత్తి పట్టుకుని నక్కి నక్కి వస్తుంటే ముందు కూర్చున్న పిల్లలు యోసేపుని హెచ్చరించాలి. ఒక్క పిల్లాడికి ముందే చెప్పి ఉంచండి, మిగతావాళ్ళు వాళ్ళే అందుకుంటారు.

గొర్రెల వేషాలకి ఒంటినిండా దూది అంటించే పని పెట్టుకోవద్దు. మన నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుకలే. తెల్ల బనీను, గోధుమ రంగు దుప్పటి, అట్టముక్కతో చెవులు సరిపోతాయి.

నిజం పశువుల జోలికి మాత్రం పోవద్దు. ఒక ఏడాది ముచ్చటపడి దూడని తెచ్చి తొట్టి పక్కనే కట్టాం. జ్ఞానులు మోకరించిన సమయానికి అది మెల్లగా మూతి తొట్టిలో పెట్టి గడ్డి లాగింది, గడ్డితో పాటు పొత్తిగుడ్డలూ, వాటితో పాటు బాలయేసు బొమ్మా జారి కింద పడ్డాయి. మరియమ్మ వేసిన అమ్మాయి బెదరకుండా బొమ్మని తీసి ఒళ్ళో పెట్టుకుని జోకొట్టింది. ఆ ఏడు అందరికీ గుర్తున్నది ఆ ఒక్క సీనే, అయినా నేను మళ్ళీ దూడని తేను.

డిసెంబరు వానల్ని నమ్మొద్దు. ఈశాన్య రుతుపవనాల కాలం, ఏ వాయుగుండమో పట్టిందంటే రెండు రోజులు వదలదు. స్టేజి మీద టార్పాలిన్ వాలుగా కట్టండి, మధ్యలో నీళ్ళు నిలిచి గుమ్మడికాయలా వేలాడకూడదు. వైర్ల అతుకులు నేల మీద ఉంచొద్దు. మైకు పర్మిషన్‌కి స్టేషన్‌కి ముందే వెళ్ళిరండి. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, పండగలకి 12 దాకా సడలించే అధికారం ప్రభుత్వానిదే, మీ పెద్దలది కాదు. ఏడున్నరకి తెర తీసి ముప్పావు గంటలో ముగించండి, అవతల బిర్యానీ వాసన వస్తుంటే హేరోదు ఎంత గర్జించినా ఎవడూ వినడు.

చివరగా గడ్డాలు. గమ్‌తో అంటించినవి లాగితే తోలు ఊడివస్తుంది, కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తీయండి. కాటుకతో దిద్దిన మీసాలు సబ్బుతో రెండుసార్లు కడుక్కోమని మరీ మరీ చెప్పండి, లేకపోతే తెల్లారి ఆరాధనలో ముందు వరసలో హేరోదే కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటాడు.