‘అంతా మీ మనసులోనే ఉంది’ అనకుండా మనసు, ఒంటి సంబంధం గురించి చెప్పడం ఎలా?

మీరు సైకాలజిస్టు అయి, కౌన్సెలింగ్ గది దాటి జనంలోకి వెళ్లి మాట్లాడాలనుకుంటే ముందు ఈ ఒక్క మాట మానేయండి. ఆరు నెలలుగా కడుపునొప్పితో డాక్టర్ల చుట్టూ తిరుగుతున్న మనిషికి అది ‘నువ్వు నాటకాలాడుతున్నావు’ అన్నట్టే వినిపిస్తుంది. నొప్పి నిజం. టెన్షన్ పడితే పేగుల కదలిక మారుతుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, ఇవన్నీ ఒంట్లో జరిగేవే కదా.

స్లైడ్లు తగ్గించి చేసి చూపించండి. నేనైతే అందరినీ మణికట్టు దగ్గర నాడి పట్టుకోమని అర నిమిషం లెక్కపెట్టిస్తాను (నాడి దొరకనివాళ్లకి పక్కవాళ్లు సాయం చేస్తారు, సగం బిడియం అక్కడే పోతుంది). తర్వాత ‘ఇప్పుడు మీలో ఒకరిని స్టేజీ మీదకి పిలిచి మాట్లాడిస్తా’ అని మళ్లీ లెక్కపెట్టమంటాను. చాలామందికి అంకె పెరుగుతుంది, నవ్వులు మొదలవుతాయి. ఎవర్నీ పిలవనని వెంటనే చెప్పేస్తాను. ఆ తర్వాత 4 అంకెల పాటు ఊపిరి పీల్చి 6 అంకెల పాటు వదలమంటాను. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం (మెదడు నుంచి గుండె దాకా వెళ్లే నరం) గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుందని అప్పుడు చెబితే ఎవరికీ మర్చిపోవడం కుదరదు.

డాక్టర్లతో పద్ధతి వేరు. జబ్బును శరీరం, మనసు, సమాజం మూడింటితో కలిపి చూడాలని జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు 1977లోనే ‘సైన్స్’ పత్రికలో రాశాడు, వాళ్లకి అది మీరు కొత్తగా నేర్పక్కర్లేదు. పేషెంట్ అనుమతి తీసుకుని అర పేజీ ఉత్తరం రాయండి: ఎన్ని సెషన్లు చేశారు, ఏం మారింది. ‘ఆందోళన తగ్గింది’ అని కాదు, ‘రాత్రి మూడుసార్లు లేచేవారు, ఇప్పుడు ఒకసారే’ అని రాయండి.

మీరు కూడా పేషెంట్లని డాక్టర్ల దగ్గరికి పంపడం నేర్చుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం ఆందోళనలా, తక్కువైతే డిప్రెషన్‌లా కనిపించవచ్చు. ఛాతీనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే ముందు డాక్టర్ పరీక్ష, ఆ తర్వాతే మీ గది. వేదిక మీద ఎవరైనా ధ్యానంతో క్యాన్సర్ నయమవుతుందంటే మొహమాటపడకుండా అక్కడే ఖండించండి. మందులు ఆపేయమని మాత్రం ఎప్పుడూ అనకండి.

ఇక సభ అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఒకరు ఆగిపోతారు. ‘మా ఇంట్లో ఒకరికి...’ అని మొదలుపెడతారు, చాలాసార్లు ఆ ఒకరు వాళ్లే. నిలబడే చికిత్స మొదలుపెట్టకండి. రెండు నిమిషాలు విని, ఎక్కడికి వెళ్లాలో రాసి ఇవ్వండి. దగ్గర్లో ఎవరు చూస్తారో, ఫీజు కట్టలేనివాళ్లు ఎక్కడికెళ్లాలో ముందే కనుక్కుని ఆ కాగితం జేబులో పెట్టుకునే సభకి బయలుదేరండి.