సొంత వర్క్‌స్టేషన్ పాఠాలు - 5: సర్వర్ ప్రాసెసరా, పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసరా?

కిందటి పాఠంలో కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే యూనిట్), థ్రెడ్ (కోర్ మీద నడిచే పని వరస), క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), బూస్ట్ క్లాక్ (అవసరమైనప్పుడు అందుకోగల గరిష్ఠ వేగం) అంటే ఏంటో చూశాం కదా, హోంవర్క్ చేసినవాళ్లకి ఈ పాఠం ఈజీగా ఎక్కుతుంది, చేయనివాళ్లు కూడా చదివేయొచ్చు, అవసరమైన చోట నేనే గుర్తు చేస్తా. ఈసారి చాలామందిని పీకే డౌట్ పట్టుకుందాం. ప్రాసెసర్ ఒక్కదానికే రెండు లక్షల పైన పెట్టడానికి రెడీగా ఉన్నాం, రెండరింగో కంపైలింగో వర్చువల్ మెషీన్లు (వీఎమ్‌లు) నడపడమో ఏదో గట్టి పనే ఉంది, మరి ఎపిక్ లాంటి సర్వర్ చిప్ తీసుకోవాలా, థ్రెడ్‌రిప్పర్ లాంటి పెద్ద డెస్క్‌టాప్ చిప్ తీసుకోవాలా?

"అన్నా, 64 కోర్ల సర్వర్ చిప్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది, తీసేసుకోనా?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అవుననీ కాదనీ చెప్పను, ముందు నీ పని ఎక్కడ ఆగుతోందో చెప్పు తమ్ముడూ అంటా. ఎందుకంటే కోర్ల నంబర్ చూసి కొనేవాళ్లే ఎక్కువగా పప్పులో కాలేస్తారు. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఎలా కనుక్కోవాలన్నదే.

ముందు రెండు చిప్‌లని పక్కపక్కన పెడదాం. కావాలనే ఒకే తరానివి, ఒకే కోర్లవి తీసుకుంటున్నా, లేకపోతే పోలికే కుదరదు. ఒకటి థ్రెడ్‌రిప్పర్ 7970ఎక్స్, 2023 నవంబర్‌లో వచ్చింది. రెండోది ఎపిక్ 9354పి, 2022 నవంబర్‌లో వచ్చిన జెనోవా ఫ్యామిలీది. రెండూ ఏఎమ్‌డీవే, రెండింట్లోనూ జెన్ 4 కోర్లే, రెండింటికీ 32 కోర్లు 64 థ్రెడ్లు. లాంచ్ ధర కూడా దగ్గర దగ్గరే, మొదటిది 2,499 డాలర్లు, రెండోది 2,730 డాలర్లు. మరి తేడా ఎక్కడుంది?

థ్రెడ్‌రిప్పర్ బేస్ క్లాక్ 4 గిగాహెర్ట్జ్, బూస్ట్ 5.3 దాకా పోతుంది, టీడీపీ (ఫుల్ లోడ్‌లో కరెంట్, వేడి లెక్క) 350 వాట్లు. ఎపిక్ బేస్ 3.25, బూస్ట్ 3.8 మాత్రమే, టీడీపీ 280 వాట్లు. అంటే ఒక్క థ్రెడ్ మీద నడిచే పనిలో కాగితం మీద థ్రెడ్‌రిప్పర్‌ది దాదాపు 40 శాతం పైచేయి. ఇక అటు చూస్తే ఎపిక్‌కి మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) 12, థ్రెడ్‌రిప్పర్‌కి 4. పీసీఐఈ ఐదో తరం లేన్లు (గ్రాఫిక్స్ కార్డులు, డ్రైవ్‌లు తగిలించే దారులు) ఎపిక్‌కి 128, థ్రెడ్‌రిప్పర్‌కి 48, ఆ పైన నాలుగో తరం లేన్లు ఇంకొన్ని. ఎల్3 క్యాష్ ఎపిక్‌కి 256 ఎంబీ, థ్రెడ్‌రిప్పర్‌కి 128. అదే డబ్బుకి ఒకడు స్పీడ్ ఇస్తున్నాడు, ఇంకొకడు దారులు ఇస్తున్నాడు, కోర్లు మాత్రం ఇద్దరూ సమానంగానే ఇస్తున్నారు, అందుకే కోర్లు చూసి తేల్చలేం అన్నది.

(మధ్యలో థ్రెడ్‌రిప్పర్ ప్రో అని ఇంకోటుంది, 8 ఛానెళ్లు, 128 లేన్లు, క్లాక్ కూడా బాగానే ఉంటుంది, ధర మాత్రం గుండె పట్టుకోవాల్సిందే. ఇంటెల్ వైపు కోర్ ఎక్స్ సిరీస్ 2019లో 18 కోర్ల 10980ఎక్స్ఈతో ఆగిపోయింది, తర్వాత 2023లో జియాన్ డబ్ల్యూ వర్క్‌స్టేషన్ చిప్‌లలో కొత్త తరం తెచ్చారు. లెక్క వేసే పద్ధతి అన్నిటికీ ఒకటే కాబట్టి వాటి జోలికి విడిగా వెళ్లట్లేదు.)

మొదటి కొలత: పని ఒక్క థ్రెడ్ మీద ఆగుతోందా

ఇప్పుడు మీ దగ్గరున్న మెషీన్ మీదే చేయండి, కొత్తది కొనక్కర్లేదు. మీ మామూలు పని, అంటే ఆ రెండరో ఆ బిల్డో ఏదైతే మిమ్మల్ని కూర్చోబెట్టి వెయిట్ చేయిస్తోందో అదే స్టార్ట్ చేసి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి లాజికల్ ప్రాసెసర్స్ గ్రాఫ్‌కి మార్చండి. లినక్స్ వాళ్లు హెచ్‌టాప్ తెరిస్తే చాలు. ఇక్కడ ఒక కిటుకుంది. ఒకే థ్రెడ్ పని చేస్తున్నా అది ఒకే కోర్ మీద కుదురుగా ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటుంది, దాంతో నాలుగైదు గ్రాఫ్‌లు కొంచెం కొంచెం కదులుతూ అన్ని కోర్లూ వాడుతున్నట్టు భ్రమ కలుగుతుంది. అందుకే మొత్తం శాతం చూడాలి. మీది 16 థ్రెడ్ల మెషీన్ అయితే ఒక్క థ్రెడ్ ఫుల్‌గా పనిచేస్తే మొత్తం మీద కనిపించేది 6.25 శాతం. మీ పని గంటసేపు నడిచి ఎక్కువసేపు ఆరేడు శాతం దగ్గరే కూర్చుంటే అర్థమైపోయిందిగా, మీకు కావాల్సింది క్లాక్, సర్వర్ చిప్ తెచ్చుకుంటే ఇప్పుడున్నదానికంటే నెమ్మదైపోయే ఛాన్స్ కూడా ఉంది.

ఇంకొంచెం పక్కాగా కావాలంటే అఫినిటీ (ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవాలో చెప్పే సెట్టింగ్) సెట్ చేసి చూడండి. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో మీ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ అఫినిటీలో 4 కోర్లే టిక్ పెట్టి టైమ్ చూసుకోండి, తర్వాత 8 కోర్లతో అదే పని. నాలుగుతో 20 నిమిషాలు పట్టింది ఎనిమిదితో 10, 11లో అయిపోతే ఆ పని కోర్లని తినగలదు. 20 కాస్తా 17 అయి ఆగిపోతే 64 కోర్లు తెచ్చి నెత్తిన పోసినా పెద్దగా లాభం లేదు.

దీని వెనకున్న లెక్క జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పింది. మీ పనిలో 10 శాతం ఎలా చేసినా వరసగానే జరగాలి, మిగతా 90 శాతం పంచుకోవచ్చు అనుకోండి. 32 కోర్లతో వచ్చే స్పీడప్: 0.9ని 32తో భాగించి 0.1 కలిపి, 1ని దాంతో భాగిస్తే సుమారు 7.8 రెట్లు. అదే 64 కోర్లతో వేయండి, 8.8 రెట్లు. కోర్లు రెట్టింపు, ధర రెట్టింపు, లాభం 12 శాతం చిల్లర! ఆ డబ్బుతో క్లాక్ కొనుక్కుంటే పనిలో వరస భాగమూ పంచుకునే భాగమూ రెండూ పరిగెడతాయి. కాలిక్యులేటర్ తీసి 5 శాతానికి, 1 శాతానికి కూడా ఒకసారి మీరే వేసి చూడండి, 1 శాతం దగ్గర కథ ఎలా తిరగబడుతుందో కనిపిస్తుంది. బ్లెండర్ సైకిల్స్‌లో సీపీయూ రెండర్ లాంటివి ఆ కోవలోకే వస్తాయి, ఎన్ని కోర్లు పెట్టినా తినేస్తాయి.

రెండో కొలత: మెమరీ

వంద మంది వంటవాళ్లున్నా సరుకులు అందించేవాడు ఒక్కడే అయితే వంట ఎప్పటికవుతుంది? మెమరీ ఛానెళ్ల గోల అంతా ఇదే. డీడీఆర్5 ఒక ఛానెల్ 8 బైట్ల వెడల్పు, కాబట్టి 4800 స్పీడ్‌లో సెకనుకి 38.4 జీబీ. 12 ఛానెళ్లు వేస్తే 460.8 జీబీ. థ్రెడ్‌రిప్పర్ 5200 స్పీడ్‌తో 4 ఛానెళ్లకి 166.4. మామూలు డెస్క్‌టాప్‌లో 5600 స్పీడ్‌తో 2 ఛానెళ్లకి 89.6.

ఇది ఎవరికి పనికొస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇంట్లోనే పెద్ద లాంగ్వేజ్ మోడల్ సీపీయూ మీద నడపాలని ఇప్పుడు చాలామందికి మోజు. 70 బిలియన్ పారామీటర్ల మోడల్‌ని 4 బిట్‌లకి కుదిస్తే దాదాపు 40 జీబీ అవుతుంది, ఒక్కో టోకెన్ (జవాబులో ఒక మాట ముక్క) పుట్టించడానికి ఆ 40 జీబీ మొత్తం ఒకసారి మెమరీ నుంచి చదవాలి. అంటే మామూలు డెస్క్‌టాప్‌లో సెకనుకి రెండు టోకెన్లు దాటవు, థ్రెడ్‌రిప్పర్‌లో నాలుగు, ఎపిక్‌లో పదకొండు. ఇవి పైకప్పు లెక్కలు, నిజంలో ఇంకా తక్కువే వస్తాయి. 5.3 గిగాహెర్ట్జ్ ఇక్కడ ఎందుకూ కొరగాదు. సీఎఫ్‌డీ (గాలి, ద్రవాల ప్రవాహం లెక్క) సిమ్యులేషన్ చేసే మెకానికల్ వాళ్లదీ ఇంచుమించు ఇదే పరిస్థితి.

కానీ ఈ 460 ఊరికే రాదు, 12 స్లాట్లలోనూ ర్యామ్ స్టిక్‌లు ఉండాలి. డబ్బులు సరిపోక నాలుగే పెట్టారనుకోండి, మీరు కొన్నది నాలుగు ఛానెళ్ల తక్కువ క్లాక్ చిప్, అసలుకే ఎసరు. అలాగే ఎపిక్‌లోనే చౌక మోడళ్లకి లోపల కోర్ చిప్లెట్లు (కోర్లు ఉండే చిన్న చిప్ ముక్కలు) తక్కువుంటాయి, ఒక్కో చిప్లెట్ మెమరీ వైపు లాగగలిగేదానికి ఒక లిమిట్ ఉంది కాబట్టి అవి 12 ఛానెళ్లనీ పూర్తిగా వాడుకోలేవు. స్పెక్ షీట్‌లో ఛానెళ్లతో పాటు చిప్లెట్లు ఎన్నో కూడా చూసుకోండి.

మీ పని మెమరీ మీద ఆగుతోందో లేదో తెలుసుకోవడానికి మోటు పద్ధతి ఒకటుంది, ఇప్పుడున్న మెషీన్‌లో రెండు స్టిక్‌లు ఉంటే ఒకటి తీసేసి అదే పని మళ్లీ నడిపించండి, ర్యామ్ సైజు సరిపోయేంత చిన్న పని పెట్టండి సుమా. టైమ్ ఒకటి రెండు శాతం పెరిగితే మీకు ఛానెళ్ల గొడవే లేదు. నలభై యాభై శాతం పెరిగితే సర్వర్ చిప్ వైపు సీరియస్‌గా చూడాల్సిందే.

ఈసీసీ, అంటే మెమరీలో జరిగే తప్పుల్ని పట్టుకుని సరిచేసే ఏర్పాటు, దాని గురించి ఒక ముక్క. డీడీఆర్5లో అన్నిటికీ ఆన్-డై ఈసీసీ ఉంటుంది కదా అంటారు, అది చిప్ లోపలి తప్పులకే, స్టిక్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగే తప్పుని అది పట్టుకోదు. రోజుల తరబడి నడిచే పనులకి అసలైన ఈసీసీ కావాలి. థ్రెడ్‌రిప్పర్ 7000 నుంచి అది కూడా ఆర్‌డిమ్‌లే (సర్వర్ రకం ర్యామ్ స్టిక్‌లు) వాడుతుంది కాబట్టి ఈ విషయంలో రెండూ సమానమే. మీ పాత డెస్క్‌టాప్ స్టిక్‌లు మాత్రం రెండింట్లోనూ పట్టవు, డీడీఆర్5లో గాడి కూడా వేరే చోట ఉంటుంది.

మూడో కొలత: లేన్లు

ఇది కాగితం మీద చేసే లెక్క. ఏమేం తగిలించబోతున్నారో రాయండి. రెండు గ్రాఫిక్స్ కార్డులు ఫుల్ స్పీడ్‌లో, 32. మూడు ఎన్‌వీఎమ్ఈ (ఎస్ఎస్‌డీ) డ్రైవ్‌లు, తలా 4 చొప్పున 12. ఒక నెట్‌వర్క్ కార్డు, 8 వేసుకోండి. మొత్తం 52. రైజెన్ 9950ఎక్స్ లాంటి మామూలు టాప్ డెస్క్‌టాప్ చిప్‌లో మనకి దొరికేది 24, ఔట్. థ్రెడ్‌రిప్పర్‌లో హాయిగా పట్టేస్తాయి. అదే నాలుగు కార్డులు, ఎనిమిది డ్రైవ్‌లు అంటే 64 ప్లస్ 32, నెట్‌వర్క్‌తో 104, అప్పుడు ఎపిక్ గానీ థ్రెడ్‌రిప్పర్ ప్రో గానీ తప్ప వేరే దారి లేదు. ఒక కార్డు, రెండు డ్రైవ్‌లు దాటనివాళ్లు, మొదటి కొలతలో కూడా 16 కోర్లు చాలనిపించినవాళ్లు, అసలు ఈ గొడవలోకే రాకండి, 9950ఎక్స్‌లో 16 కోర్లు 5.7 గిగాహెర్ట్జ్ దాకా పోతాయి, మిగిలిన డబ్బు జేబులో ఉంటుంది. నాకు తెలిసినంతలో ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ బాపతే.

కొలతల్లో కనపడని సంగతులు

సర్వర్ బోర్డు టేబుల్ మీద పెట్టుకుని రోజూ వాడటం అంత సుఖం కాదు. ఆడియో జాక్ ఉండదు, యూఎస్‌బీ పోర్టులు నాలుగే, స్లీప్ పనిచేయదు, వెనక వీజీఏ పోర్టు చూసి నవ్వొస్తుంది. ఆన్ చేశాక మెమరీ ట్రైనింగ్ అని నిమిషాలకి నిమిషాలు నల్ల స్క్రీన్, మొదటిసారి చూసినవాళ్లు బోర్డు పోయిందనుకుని షాపుకి పట్టుకెళ్తారు. దానికి బదులు బీఎమ్‌సీ (మెషీన్‌ని దూరం నుంచి నడిపించే చిన్న కంట్రోలర్ చిప్) ఉంటుంది, ఇదొక్కటే నన్ను సర్వర్ బోర్డుల వైపు లాగేది, ఊళ్లో లేకపోయినా నెట్‌వర్క్ ద్వారా మెషీన్ ఆన్ చేసి బయోస్ లోపలికి కూడా వెళ్లొచ్చు. కొన్ని వర్క్‌స్టేషన్ బోర్డుల్లో కూడా ఇది పెడుతున్నారు, కొనేముందు అడగండి.

కరెంట్ సంగతి. సర్వర్ ప్లాట్‌ఫామ్ ఖాళీగా ఉన్నా బాగానే తాగుతుంది, 12 స్టిక్‌లూ బీఎమ్‌సీ అన్నీ కలిసి. అదనంగా 100 వాట్లు అనుకుంటే రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకి 72 యూనిట్లు, పై స్లాబ్‌లో యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 720 రూపాయలు. పెద్ద లెక్క కాదు గానీ మే నెలలో ఆ వేడంతా మీ గదిలోకే వస్తుంది, ఏసీ ఖర్చు దానికి వేరే.

ఇక సెకండ్ హ్యాండ్. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా ఆన్‌లైన్‌లో అయినా పాత ఎపిక్ కొనేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇది ఏ కంపెనీ సర్వర్‌లోంచి తీసింది? ఎపిక్‌లో ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అని ఉంది, కొన్ని సర్వర్ కంపెనీల బోర్డుల్లో చిప్‌ని ఒకసారి బూట్ చేస్తే అది లోపల ఫ్యూజ్ కాలినట్టు ఆ కంపెనీకే లాక్ అయిపోతుంది, వేరే కంపెనీ బోర్డులో పెడితే ఎంత తిప్పలు పడినా లేవదు, అన్‌లాక్ చేసే మార్గమూ లేదు. అమ్మేవాడికి కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు. మీరు కొనబోయే బోర్డులోనే పెట్టి, బూటయ్యి, అన్ని స్టిక్‌లూ కనపడ్డాకే డబ్బులివ్వండి. ఇంజనీరింగ్ శాంపిల్ అని చెప్పి సగం ధరకి ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి, ఏ బయోస్ అప్‌డేట్‌కి ఆగిపోతుందో తెలీదు.

హోంవర్క్. ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: మీ పని నడిచేటప్పుడు మొత్తం సీపీయూ శాతం, 4 కోర్ల టైమ్ మరియు 8 కోర్ల టైమ్, ఒక స్టిక్ తీస్తే పెరిగిన శాతం, కావాల్సిన లేన్లు. వచ్చే పాఠంలో ఈ అంకెలు పట్టుకునే బోర్డు మాన్యువల్‌లోని బ్లాక్ డయాగ్రామ్ చదవడం, పవర్ సప్లై ఎన్ని వాట్లది కావాలో తేల్చడం నేర్చుకుందాం. స్టిక్ తీసేముందు స్విచ్ ఆపితే చాలదు, కేబుల్ పీకేయండి.