మల్బరీ కొమ్మను ఇంట్లోనే వేరు పట్టించే విధానం

మల్బరీ కొమ్మ నాటిన పది, పన్నెండు రోజులకు పచ్చని చిగురు కనిపించగానే మొక్క బతికిందని చాలామంది సంతోషిస్తారు. నిజానికి అప్పటికి మట్టిలో ఒక్క వేరు కూడా ఉండకపోవచ్చు. కొమ్మ తనలో దాచుకున్న పిండిపదార్థంతోనే మొగ్గ విచ్చుకుంటుంది. ఆ నిల్వ తీరిపోయేలోగా వేళ్లు వస్తే మొక్క నిలుస్తుంది, రాకపోతే ఆకులు వడలి, కొమ్మ నల్లబడి ఎండిపోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలిన జాగ్రత్తలు ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

విశాఖపట్నంలో ఈ పనికి అనువైన కాలం మృగశిర కార్తె దాటి వానలు కుదురుకున్న తరువాత, అంటే జూన్ మూడో వారం నుంచి ఆగస్టు వరకు. అప్పుడు గాలిలో తేమ ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో కూడా నాటవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మేడమీద గచ్చు వేడికి చిన్న కవర్లలోని మట్టి పూటలోనే ఆరిపోతుంది కనుక అప్పుడు వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల వానకు కొమ్మలు కుళ్లుతాయి, గాలికి కదిలి లేతవేళ్లు తెగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఈ ఊరి చెట్లు నేలకొరగడం చూసినవారికి ఆ నెల గాలి గురించి వేరే చెప్పనక్కరలేదు.

కొమ్మను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. మల్బరీలో కొన్ని చెట్లకు మగపూలు మాత్రమే పూస్తాయి, వాటికి ఎన్నేళ్లయినా పండు రాదు. కొమ్మ నుంచి వచ్చే మొక్క తల్లిచెట్టు గుణాన్నే తెచ్చుకుంటుంది కాబట్టి, పండ్లు కాయడం మీరు కళ్లారా చూసిన చెట్టు నుంచే కొమ్మ అడిగి తెచ్చుకోండి. బెరడు గోధుమరంగుకు తిరిగిన, ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, పెన్సిల్ లావు కొమ్మ శ్రేష్ఠం. చివరి పచ్చిభాగం కుళ్లుతుంది, బాగా ముదిరిన కాండం ఆలస్యంగా వేరు పడుతుంది. గోటితో బెరడును కొద్దిగా గీకితే లోపల పచ్చగా, తడిగా కనిపించాలి. వేలెడు పొడవు పండ్లు కాసే రకం ఇంత సులువుగా వేరు పట్టదు. దానికి అంటుమొక్క కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఉదయం చల్లని వేళ, పదునైన కత్తితో పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్ల ముక్కలు కోయాలి. ఒక్కో ముక్కకు మూడు, నాలుగు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకు ఆనుకుని దాని దిగువన ఏటవాలుగా, పై కోత మొగ్గకు సెంటీమీటరు ఎత్తున అడ్డంగా ఉండాలి. ఇలా కోస్తే ఏది పైభాగమో, ఏది కిందిభాగమో తికమక పడవలసిన అవసరం ఉండదు. కోసినచోట పాలు కారతాయి. నీటితో కడిగి పది నిమిషాలు నీడలో ఉంచండి. ఆకులన్నీ తీసివేయడం మంచిది, ఎందుకంటే వేరు లేని కొమ్మకు ప్రతి ఆకూ నీటి ఖర్చే.

మట్టి మిశ్రమానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు నది ఇసుక, ఒక పాలు బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) సరిపోతాయి. సముద్రపు ఇసుక దగ్గరలోనే దొరుకుతుందని వాడకండి, అందులోని ఉప్పు లేతవేళ్లను చంపుతుంది. చివకని గెత్తం వేడి పుట్టించి చెదలను పిలుస్తుంది. మిశ్రమంలో గుప్పెడు వేపపిండి కలిపితే చెదల బెడద కొంత తగ్గుతుంది. వేరు పట్టించే హార్మోను పొడి ఉంటే కింది కోతకు అద్దవచ్చు గాని, మామూలు మల్బరీకి అది తప్పనిసరి కాదు.

అడుగున చిల్లులున్న కవరు నింపి, ముందుగా పుల్లతో రంధ్రం చేసి, అందులో కొమ్మను దించండి. నేరుగా గుచ్చితే కిందిభాగం బెరడు లేచిపోతుంది. మూడింట రెండు వంతులు మట్టిలో, ఒకటి రెండు మొగ్గలు బయట ఉండేలా చూసి, చుట్టూ మట్టిని చేతివేళ్లతో గట్టిగా అదమాలి. తరువాత చెట్టునీడలోనో, తూర్పు బాల్కనీలోనో పెట్టి, వేలు దించి చూసినప్పుడు పైమట్టి ఆరితేనే నీళ్లు పోయాలి.

ఇక ఓపిక పట్టవలసిన దశ. మొదటిసారి నేను పదిహేనో రోజున, చిగుళ్లు బాగున్నాయన్న ధైర్యంతో ఒక కొమ్మను పైకి లాగి చూశాను. కోసిన అంచు చుట్టూ బియ్యపు నూకలు అతికించినట్టు తెల్లని, గరుకైన ఉబ్బు మాత్రమే ఉంది, వేరు లేదు. దాన్ని తిరిగి నాటినా వారంలోనే వాడిపోయింది. ఆ ఉబ్బు కనిపించడం చెడ్డ గుర్తు కాదు, కాని దాన్ని కదిలించడం పెద్ద తప్పు. సాధారణంగా వేళ్లు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటివరకు పారదర్శకమైన కవరు పక్కగానో, అడుగు చిల్లుల దగ్గరో తెల్లని వేరు కనిపిస్తుందేమో చూడండి గాని, కొమ్మను ముట్టుకోకండి. ఈలోగా పూతపిందె వస్తే గిల్లివేయాలి, లేకపోతే వేరుకు దక్కవలసిన బలం దానికి పోతుంది.

చిగుళ్ల కొనలు ముడుచుకుని, తెల్లని దూదిలాంటి పొర కనిపిస్తే అది పిండినల్లి. ఆ చిగురు తుంచి దూరంగా పారవేయండి.

రెండు నెలలు దాటి, కొత్త ఆకులు వరుసగా వస్తున్నప్పుడు కవరును కోసి, మట్టిముద్ద చెదరకుండా పద్దెనిమిది అంగుళాల కుండీలోకి మార్చండి. మార్చిన వెంటనే ఎండలో పెట్టకుండా, మొదటి వారం ఉదయపు ఎండ మాత్రమే తగలనిచ్చి, తరువాత రోజుకొక గంట చొప్పున పెంచాలి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి సూటిగా తగలని మూలను ఎంచుకుని, ఆకులపై ఉప్పు పొర కనిపించినప్పుడల్లా మంచినీటితో కడుగుతూ ఉండాలి.