రెడ్ వైన్ రుచి పాఠాలు – 4: వయసు వేరు, వింటేజ్ వేరు

గత పాఠంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు షాటో లాటూర్ 2003, 2010 వైన్లను పోల్చమన్నప్పుడు, మీలో చాలామంది 2003 మెత్తగా ఉంది కాబట్టి అదే మేలైన వింటేజ్ (ద్రాక్ష పండిన సంవత్సరం) అని తేల్చారు. ఆ మెత్తదనం ఏడేళ్ల వయసు తేడా వల్ల వచ్చిందా, 2003 ఆగస్టులో ఐరోపాను కాల్చిన వడగాడ్పుల వల్ల వచ్చిందా అని మాత్రం దాదాపు ఎవరూ అడగలేదు. అందువల్ల కొత్త అంశాన్ని వాయిదా వేసి, ఈ పాఠాన్ని ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

ఈసారి 2009, 2010 తీసుకోండి. రెండూ బోర్డోలోని పొయాక్ ఊరి ఒకే ద్రాక్షతోటవి, రెండింటిలోనూ కాబెర్నే సొవిన్యోఁ అనే నల్ల ద్రాక్ష రకానిదే పెద్ద వాటా, వయసు తేడా ఒక్క ఏడాదే. 2009 వేసవి వెచ్చగా సాగి పండు నిండుగా మాగింది. 2010 పొడిగా గడిచినా రాత్రులు చల్లగా ఉండడంతో పండులో పులుపు నిలిచింది.

అసలు చిక్కు వగరునూ పులుపునూ ఒకటిగా రాయడంలో ఉంది, దీన్ని నేను ఉపేక్షించలేను. వగరు టానిన్ వల్ల, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వైన్‌లోకి దిగే పదార్థం వల్ల వస్తుంది. అది లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో చిగుళ్లు ఎండినట్లవుతాయి. పులుపు అందుకు భిన్నంగా నోరూరిస్తుంది. గుక్కను ఉమ్మేశాక కాసేపు ఆగి నాలుకను పై చిగుళ్ల మీద రుద్దండి, గరుకుగా తగిలితే అది వగరు. తల కొద్దిగా వంచినప్పుడు నాలుక కింద నీరు ఊరితే అది పులుపు. 2010లో రెండూ బలంగా ఉంటాయి కనుకనే "వగరు ఎక్కువ" అని రాసి ఆగిపోతారు. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్‌లో కొంత మడ్డిగా దిగిపోయి వగరు తగ్గుతుంది, పులుపు మాత్రం పెద్దగా మారదు. కాబట్టి వయసు తేడా ఉన్న సీసాల మధ్య సంవత్సరాన్ని పట్టిచ్చేది పులుపే. 2003ను మళ్లీ ఆ దృష్టితో చూడండి.

గ్లాసులు ఒకే రకానివి, వైన్ 17 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబడితే వగరు పెరిగినట్లు తోస్తుంది. పోలికకు నేను డికాంటర్ (వైన్‌కు గాలి తగిలేలా వంపుకునే పాత్ర) వాడను, రెండు సీసాలనూ ఒకేసారి తెరిచి గ్లాసులోనే గాలి తగలనిస్తాను. లాటూర్ అందకపోతే అదే తోట రెండవ వైన్ (ముఖ్య వైన్ తరువాతి శ్రేణి) లె ఫోర్ ద లాటూర్‌లో అవే సంవత్సరాలు సరిపోతాయి.

అభ్యాసం: వానలకూ చలికీ నలిగిన 2013ను కూడా చేర్చి, మూడు గ్లాసుల వరుసను మరొకరిచేత మార్పించండి. మూడు గంటలపాటు అరగంటకొకసారి రుచి చూసి, వగరుకూ పులుపుకూ విడివిడిగా అంకెలు వేయండి. పులుపు అంకెలను బట్టి మాత్రమే 2009 ఏదో, 2010 ఏదో రాసి పంపండి.