ఎడమ రొమ్ముకి రేడియేషన్ అన్నారా? ముందు ఊపిరి బిగబట్టడం ప్రాక్టీస్ చేయండి

ఎడమవైపు రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ కూడా కావాలని డాక్టర్ చెప్పారనుకోండి, మెషిన్ ఎంత కొత్తది అని ఆరా తీసేముందు "గుండెకి తగలకుండా ఏం చేస్తారండీ?" అని అడగండి. స్వీడన్, డెన్మార్క్‌లలో రెండు వేలమందికి పైగా ఆడవాళ్ల రికార్డులు చూసి 2013లో ప్రచురించిన లెక్కలో, గుండెకి సగటున ఒక్కో గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే యూనిట్) పెరిగేకొద్దీ గుండెజబ్బు ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగిందని తేలింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, దీన్ని తగ్గించే పద్ధతి ఇప్పుడు ఉంది, అది చాలావరకు పేషెంట్ చేతిలోనే ఉంది.

దాన్ని డీఐబీహెచ్ (డీప్ ఇన్‌స్పిరేషన్ బ్రెత్ హోల్డ్) అంటారు. నిండా ఊపిరి పీల్చి ఆపితే ఊపిరితిత్తులు ఉబ్బి గుండె ఛాతీ గోడకి దూరంగా జరుగుతుంది, ఆ కాసేపే కిరణాలు వదులుతారు. కొన్నిచోట్ల పొట్ట మీద చిన్న పెట్టె పెడతారు, కొన్నిచోట్ల కెమెరాలు ఛాతీ కదలికని చూస్తుంటాయి. మీ ఊపిరి నిర్ణయించిన గీతల మధ్య ఉన్నంతసేపే బీమ్ నడుస్తుంది, కాబట్టి మధ్యలో దగ్గొచ్చినా ఊపిరి వదిలేసినా టెన్షన్ పడొద్దు, ఆగి మళ్లీ మొదలుపెడతారు.

సీటీ సిమ్యులేషన్‌కి, అంటే రేడియేషన్ ప్లాన్ వేయడానికి ముందుగా తీసే స్కాన్‌కి, పిలిచేలోపే ఇంట్లో మొదలుపెట్టండి. దిండు లేకుండా వెల్లకిలా పడుకుని, చేతులు తలపైకి పెట్టి, మామూలుగా రెండు మూడు ఊపిర్లు తీసుకున్నాక నెమ్మదిగా నిండా పీల్చి ఆపండి. మొదట పది సెకన్లు చాలు, రోజూ కాస్త పెంచుకుంటూ ఇరవై సెకన్ల దాకా రండి. నడుము పైకి లేపకూడదు, భుజాలు బిగించకూడదు, చాలామంది ఇక్కడే తడబడతారు. ఎంత గట్టిగా పీల్చామన్నది ముఖ్యం కాదు, ప్రతిసారీ ఒకే లోతుకి పీల్చాలి. ఆస్తమా, ఆయాసం ఉంటే ముందే చెప్పండి, వాళ్లకి బోర్లా పడుకోబెట్టి ఇచ్చే పద్ధతి లాంటివి చూస్తారు.

అన్నట్టు, చెయ్యి. ఆపరేషన్ వైపు చెయ్యి పైకి లేవకపోతే ప్లానింగ్ దగ్గరే ఆగిపోతుంది. సర్జన్ సరే అనగానే గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించే ఎక్సర్‌సైజ్ మొదలెట్టండి.

ఎన్ని రోజులన్నది కూడా అడగండి. ఒకప్పుడు ఐదు వారాలు, 25 సార్లు ఇచ్చేవాళ్లు. తర్వాత 15 సార్లకి తగ్గింది. బ్రిటన్‌లో చేసిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఐదేళ్ల ఫలితాలు 2020లో వచ్చాయి, ఒక్క వారంలో ఐదుసార్లుగా మొత్తం 26 గ్రేలు ఇచ్చినా జబ్బు తిరిగి రాకుండా ఆపడంలో మూడు వారాల పద్ధతికి తీసిపోలేదు. అందరికీ కుదరదు, చంక గడ్డలకి కూడా ఇవ్వాల్సి వస్తే డాక్టర్ వేరేగా ఆలోచించొచ్చు. కానీ ఊరి నుంచి హైదరాబాద్‌కో వైజాగ్‌కో వచ్చి గది తీసుకుని ఉండే కుటుంబానికి ఇది చాలా పెద్ద తేడా, మొహమాటపడకుండా అడగాల్సిందే. ప్రోటాన్ థెరపీ (ఎక్స్-రేల బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) కోసం అప్పులు చేసి చెన్నై పరిగెత్తాలా అని అడిగితే, మామూలు రేడియేషన్ మెషిన్ (లీనియర్ యాక్సిలరేటర్) మీద డీఐబీహెచ్ చక్కగా చేస్తే చాలామందికి ఆ అవసరమే రాదని నా నమ్మకం.

ట్రీట్‌మెంట్ రోజుల్లో వదులైన నూలు బట్టలు వేసుకోండి, ఒంటి మీద పెట్టిన గుర్తులు చెరపకండి, పసుపు, పౌడర్, ఆకు పసర్లు ఆ చర్మం మీద రాయకండి. మెషిన్ నుంచి బయటికొచ్చాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, పిల్లల్ని హాయిగా ఎత్తుకోవచ్చు. ఆరోగ్యశ్రీ మీద వెళ్తుంటే మీకు రాసిన పద్ధతి, ఎన్నిసార్లన్నది పథకంలోకి వస్తాయో లేదో సిమ్యులేషన్‌కి ముందే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి.