అమ్మ క్రిస్మస్ నోటుపుస్తకం: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం అడగాలి, ఎలా రాయాలి

"నీ చిన్నప్పుడు క్రిస్మస్ ఎలా చేసేవాళ్లమ్మా?" అని కూర్చోబెట్టి అడిగితే వచ్చే జవాబు ఎవరింట్లోనైనా దాదాపు ఒకటే: "ఏముందీ, కొత్తబట్టలు, గుడి, అరిసెలు." అక్కడితో ఆగిపోతుంది. పని చేస్తుంటే గుర్తొచ్చేవి కూర్చోబెడితే గుర్తురావు. అందుకని అమ్మ వంటలూ జ్ఞాపకాలూ రాసిపెట్టే ఈ పుస్తకాన్ని డిసెంబరు రెండోవారంలో, ఇంట్లో అరిసెలకు బియ్యం నానబోసే రోజున మొదలుపెట్టండి. జనవరికి వాయిదా వేశారంటే ఆ ఏడాదికి ఇక అయినట్టే.

కావలసినవి కొంచెమే. లాంగ్‌సైజు నోటుపుస్తకం ఒకటి, రెండు రంగుల పెన్నులు, ఫోను, గ్రాముల్లో చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. ఈ కాటానే అందరూ మర్చిపోతారు.

పిండివంటల దగ్గర

అమ్మ చెప్పే కొలతలు రాసుకుని లాభం లేదు. "తగినంత", "పాకం పట్టినంత", "చెయ్యి చెప్పినంత" అంటుంది, ఆమెకు అవి సరిపోతాయి. సోల, తవ్వ, మానిక అన్నా ఊరికో లెక్క. ఇంటర్నెట్‌లో చూసి మిల్లీలీటర్లలోకి మార్చుకోవద్దు. ఆమె వాడే ఆ సోలనే తీసుకుని, ఆ బియ్యమే తలకొట్టుగా పోసి, కాటా మీద పెట్టండి. ఆ అంకెను పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. మిగతా వంటలన్నిటికీ అదే ఆధారం.

అరిసెల్లో అసలు చిక్కు పిండి. పాకం దించాక ఎంత పిండి పడుతుందో ముందు ఎవరూ చెప్పలేరు, అమ్మ కూడా. అందుకని ఆమెను అడగవద్దు, ఆపవద్దు. పిండి ఉన్న డబ్బాను ముందే తూచి రాసుకోండి. కలపడం అయ్యాక మిగిలిన పిండితో డబ్బాను మళ్లీ తూచండి. ఆ తేడాయే ఆమె కొలత. బెల్లం, నెయ్యి, నువ్వులకూ ఇదే పద్ధతి. మామూలుగా కిలో బియ్యానికి ముప్పావు కిలో అటూఇటుగా బెల్లం, 50 గ్రాముల నువ్వులు, ఓ గరిటెడు నెయ్యి పడతాయి. మీ అంకెలు దీనికి మరీ దూరంగా ఉంటే తూకంలో ఏదో జారిందని అనుమానించండి.

అంకెలతో పాటు రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. బియ్యం పాతవా, కొత్తవా? ఎన్ని గంటలు నానాయి, నీళ్లు ఎన్నిసార్లు మార్చారు? ఒక రాత్రి తక్కువ కాకుండా నానాలి, ఒకరోజు నిండా నానబెట్టే ఇళ్లూ ఉన్నాయి. వడకట్టి బట్ట మీద నీడన ఆరబోసింది ఎంతసేపు? తడి పూర్తిగా ఆరకముందే మరకు పంపాలి. పిండిని గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. పొడిపిండి అయితే పాకాన్ని పీల్చేసుకుంటుంది, అరిసె పగులుతుంది, మర్నాటికి గట్టిపడుతుంది. మర దగ్గర అంతకుముందు ఏం ఆడించారో అడగమని కూడా ఒక ముక్క రాయండి. మిరపకాయలు ఆడించిన వెంటనే మీ పిండి పడితే ఇక చెప్పేదేముంది.

పాకాన్ని మాటల్లో రాయడం కష్టం, వీడియో తీయండి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి, గరిటెతో పాకం చుక్క వేసి, వేలితో దగ్గరకు లాగుతుంది కదా, ఫోను ఆమె మొహం మీద కాకుండా ఆ పళ్లెం మీద పెట్టండి. మెత్తటి ఉండ కడితే దించేస్తుంది. ఉండ కట్టకముందే పిండి పోస్తే నూనెలో అరిసె చెదిరిపోతుంది. ఉండ పళ్లేనికి తగిలి టక్కున మోగేదాకా ఉంచితే అరిసె రాయి అవుతుంది. ఆమె "ఇదిగో ఇప్పుడు" అన్న మాట వీడియోలో వినబడాలి. అందుకు ఫ్యాను ఆపండి, పక్క గదిలో టీవీ ఆపండి, ఫోన్లు మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

గులాబీ పువ్వులకు ఇంత తంటా లేదు. మైదా, బియ్యప్పిండి పాళ్లు, గుడ్డు వేస్తుందా కొబ్బరిపాలు పోస్తుందా, పంచదార ఎంత, అది చాలు. అచ్చు సంగతి మాత్రం రాయండి. కాగే నూనెలో అచ్చు బాగా వేడెక్కాకే పిండిలో ముంచాలి, అదీ ముప్పావు వంతే. అంచు దాటి పైకి పిండి ఎక్కితే పువ్వు ఊడిరాదు. కొత్త అచ్చయితే ముందురోజు రాత్రంతా నూనెలో ఉంచుతారు.

చేతులు పనిలో ఉండగా అడగాల్సినవి

పెద్ద ప్రశ్నలు వద్దు, వస్తువుల గురించి అడగండి. నక్షత్రానికి వెదురు బద్దలు ఎవరు చీల్చేవాళ్లు? రంగు కాగితం ఎక్కడ కొనేవాళ్లు? కరెంటు రాకముందు లోపల ఏం వెలిగించేవాళ్లు, కాగితం అంటుకోకుండా ఏం చేసేవాళ్లు? క్యారల్స్‌కి వచ్చినవాళ్లకు ఏం పెట్టేవాళ్లు? డోలక్ ఎవరిది? కొత్తబట్టలు కుట్టిన దర్జీ 24 రాత్రిదాకా ఇవ్వకపోతే ఏం చేశారు? ఆ పండక్కి ఊళ్లో మిగతా వాళ్ల ఇళ్లకు పిండివంటలు పంపేవాళ్లా, ఎవరి చేత? ఒక ప్రశ్న వేసి ఊరుకోండి. మధ్యలో అందుకుని మీరు చెప్పడం మొదలుపెడితే ఆమె సరే అని ఊకొట్టి వదిలేస్తుంది.

ఏ ఏడాదో అడగవద్దు, గుర్తుండదు. పెద్ద సంఘటనకు కట్టండి. ఉప్పెన ముందా తరవాతా అంటే 1977 నవంబరు. కావలి తుపాను అంటే 1989 నవంబరు, పండక్కి నెలన్నర ముందు. సునామీ అయితే 2004 క్రిస్మస్ మర్నాడే వచ్చింది, తీరం ఊళ్లవాళ్లకు ఆ పండగ నిమిషాలతో సహా గుర్తుంటుంది. పెళ్లికి ముందా, పెద్దవాడు కడుపులో ఉండగానా అన్నవీ మంచి గుర్తులే.

పుట్టింటి ఆచారమా, మెట్టింటిదా అనేది ప్రతి విషయం పక్కనా రాయండి. ఇది కలిసిపోతే మళ్లీ విడదీయలేరు. నెల్లూరు, ఒంగోలు వైపు ఎక్కువగా అమెరికన్ బాప్టిస్టు మిషను సంఘాలు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పనిచేసింది. అమ్మ అటునుంచి ఇటు కోడలిగా వస్తే ఆరాధన క్రమం, పాటలు, పశువుల పాక కట్టే అలవాటు, అన్నీ మారి ఉంటాయి. ఏది వదులుకుంది, ఏది వెంట తెచ్చుకుంది అని అడగండి. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు పొడుగ్గా వస్తుంది.

పాటలు

అమ్మకు కంఠతా వచ్చిన కీర్తనలు ముందు ఆమె పాడినట్టే రికార్డు చేయండి. ఆ తరవాతే కీర్తనల పుస్తకం తెరిచి సంఖ్య, పైన అచ్చేసిన రాగం, తాళం రాసుకోండి. ఆమె చరణం, పుస్తకంలో చరణం వేరుగా ఉంటే దిద్దవద్దు, రెండూ రాయండి. ఒక్కో ఊళ్లో ఒక్కో వరస నడుస్తుంది. క్రిస్మస్ రాత్రి ఇంట్లో చదివే వాక్యం లూకా రెండో అధ్యాయమా, మత్తయి రెండో అధ్యాయమా, ఎవరు చదువుతారు, ప్రార్థన ఎవరు చేస్తారు, అదీ రాయండి. నాన్న పోయాక ఆ పని ఎవరి చేతికి వచ్చిందో చాలా ఇళ్లలో చెప్పకుండానే జరిగిపోతుంది.

మీ వంశం ఎప్పుడు క్రీస్తును నమ్ముకుంది

ఇక్కడ జాగ్రత్త కావాలి. "కరువులో, క్లౌ దొర కాలంలో" అని పెద్దవాళ్లు చెబుతారు. క్లౌ అంటే ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఆ కరువు 1876-78ది. జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో క్లౌ కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో ప్రతి ఇంటి ముత్తాతా ఆ రోజు ఆ ఏట్లోనే ఉన్నాడని కథ తయారవుతుంది. ఆ తరవాత రోజుల్లోనూ బాప్తిస్మాలు జరిగాయి. కాగితం దొరికేదాకా "ఇంట్లో చెప్పుకునే మాట" అనే రాయండి.

కాగితం దొరికేచోట్లు రెండు. ఒకటి ఇంటి పాత బైబిలు. ముందువెనుక ఖాళీ పేజీల్లో పుట్టిన, పోయిన తేదీలు రాసి ఉంటాయి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయవద్దు, కొన్నాళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి. రెండోది సంఘం రిజిస్టరు. పండగ వారంలో పాస్టరుగారికి ఊపిరాడదు, జనవరిలో వెళ్లండి. బాప్టిస్టు రిజిస్టరులో బాప్తిస్మం తేదీ చూసి పుట్టిన తేదీ లెక్కగట్టవద్దు. వాళ్లు ఎదిగి, నమ్మి, అడిగినవాళ్లకే ఇస్తారు. లూథరన్, కేథలిక్ రిజిస్టర్లలో పసిపిల్లల బాప్తిస్మాలు కూడా ఉంటాయి, అక్కడ రెండు తేదీలు దగ్గరగా ఉండొచ్చు.

జిల్లా పేరు చూసి తికమకపడవద్దు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, మొదట ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం అయింది. కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు ఊళ్లు అంతకుముందు నెల్లూరు జిల్లాలోవి. కందుకూరు 2022లో మళ్లీ నెల్లూరులోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, కాగితం మీద జిల్లాయే మారింది. ఊరి పేరు, తాలూకా రెండూ రాస్తే చాలు.

చర్చిలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు ఉండటం ఈ వైపు మామూలే. రెండూ రాసుకోండి గానీ రిజిస్టరు పేజీల ఫోటోలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. సర్టిఫికెట్లతో, ఉద్యోగాలతో ముడిపడిన సంగతులు, అందరివీ.

రాసింది జనవరిలో ఒక సాయంత్రం అమ్మకు చదివి వినిపించండి. "అలా కాదు" అన్నచోటల్లా రెండో రంగు పెన్నుతో పక్కన రాయండి, మొదటిదాన్ని కొట్టేయవద్దు. పెద్దమ్మ, మేనమామ వేరేగా చెబితే వాళ్ల పేరు పెట్టి అదీ చేర్చండి. ఆడియో, వీడియోలకు తేదీ, వంట పేరు పెట్టి ఇంకో ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర కూడా ఒక కాపీ ఉంచండి. ఒక్కో వంటకు ఎదురుపేజీ ఖాళీగా వదలండి. వచ్చే డిసెంబరులో ఆ కొలతలతో మీరే చేసి, అమ్మ తిని ఏమందో ఆ పేజీలో రాయాలి.