నాజూకు మెటబొలైట్ విరగకుండా కొలవాలంటే

బెంగళూరులో బొమ్మసంద్ర, జిగణి వైపు ల్యాబుల్లో బయోఅనాలసిస్‌లో (రక్తంలో మందు, దాని మెటబొలైట్లు, అంటే మందు శరీరంలో మారి ఏర్పడే పదార్థాలు, ఎంతున్నాయో కొలిచే పని) కొత్తగా చేరే మనవాళ్లు ఎసైల్ గ్లూకురోనైడ్ (ఆమ్ల మందుకు శరీరం చక్కెర లాంటి ముక్క తగిలించి చేసే, తేలిగ్గా విరిగే మెటబొలైట్) అనగానే ముందు మాస్ స్పెక్ (అణువులను బరువును బట్టి గుర్తించి కొలిచే యంత్రం) ట్యూనింగ్ మీద పడతారు. అలా వద్దు. మెటబొలైట్ బెంచి మీదే విరిగిపోతుంటే వోల్టేజీలు ఎంత సర్దినా ఏం లాభం?

ముందు ఎక్కడ విరుగుతోందో తేల్చుకోండి. మందు లేని ప్లాస్మాలో మెటబొలైట్ ఒక్కటే కలిపి, మామూలు శాంపిల్‌లాగే ప్రాసెస్ చేసి, ఇంజెక్ట్ చేసి, పేరెంట్ డ్రగ్ (అసలు మందు) చానల్, అంటే దాని బరువు దగ్గర యంత్రం చూపే సిగ్నల్, చూడండి. డైక్లోఫెనాక్‌నే తీసుకుంటే, నెగటివ్ మోడ్‌లో (రుణావేశ అయాన్లను చూసే పద్ధతి) అయాన్ల బరువులు గ్లూకురోనైడ్ 470, పేరెంట్ 294, ఊడిపోయే చక్కెర ముక్క 176. ఇప్పుడు 294 నుంచి 250 చానల్‌లో (294 అయాన్ విరిగి 250 ముక్క కావడాన్ని చూసేది) పీక్, కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) నుంచి గ్లూకురోనైడ్ వచ్చే టైముకే కనిపిస్తే అది సోర్స్‌లో, అంటే యంత్రంలో అణువులు అయాన్లయ్యే చోట, విరిగింది. డైక్లోఫెనాక్ వచ్చే టైముకు కనిపిస్తే, అంతకుముందే, అంటే ట్యూబులోనో ఎక్స్‌ట్రాక్షన్‌లోనో ఆటోశాంప్లర్‌లోనో విరిగింది, లేదా కొన్న స్టాండర్డ్‌లోనే పేరెంట్ కాస్త కలిసి ఉంది. అప్పటికప్పుడు కలిపిన ద్రావణాన్ని నేరుగా ఇంజెక్ట్ చేస్తే ఆ అనుమానమూ తీరిపోతుంది.

బెంచి మీద విరుగుతుంటే చల్లదనం, యాసిడ్, ఈ రెండూ పట్టుకోండి. రక్తం తీసిన ట్యూబు వెంటనే ఐసు నీళ్లలోకి, సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల్లో, ప్లాస్మా విడిపోగానే యాసిడ్ కలిపి పీహెచ్ 4 దగ్గరికి, ఆపైన డీప్ ఫ్రీజర్. డైక్లోఫెనాక్ గ్లూకురోనైడ్ 37 డిగ్రీల్లో, పీహెచ్ 7.4 దగ్గర గంట లోపే సగం పోతుంది కాబట్టి "టీ తాగొచ్చి చేద్దాం" అంటే కుదరదు. యాసిడ్ పేరెంట్‌నే పాడు చేస్తుందేమో కూడా ముందే చూసుకోండి. ప్రోటీన్ పడగొట్టడానికి మిథనాల్ బదులు అసిటోనైట్రైల్ వాడండి. క్లోపిడోగ్రెల్ విషయంలో మిథనాల్ వాడితే కొంప మునిగినట్టే: దాని ఆమ్ల మెటబొలైట్ తాలూకు గ్లూకురోనైడ్ మిథనాల్‌తో కలిసి మళ్లీ క్లోపిడోగ్రెల్ అయిపోతుంది, రోగి రక్తంలో లేని మందు మీ రిపోర్టులో ఉంటుంది.

సోర్స్‌లో విరుగుతుంటే డీక్లస్టరింగ్ వోల్టేజీ (అయాన్లకు అంటుకున్న ద్రావణి అణువులను ఊడగొట్టేది), సోర్స్ టెంపరేచర్ మెల్లగా తగ్గిస్తూ, సిగ్నల్ ఎంత పెరిగిందని కాకుండా పేరెంట్ చానల్‌లోకి ఎంత కారుతోందని చూడండి. ఎన్-ఆక్సైడ్లకు (మందులోని నైట్రోజన్ మీద ఆక్సిజన్ చేరిన మెటబొలైట్లు) వేడి మరీ శత్రువు, ఆక్సిజన్ ఊడి 16 తగ్గి నేరుగా పేరెంట్ అయిపోతాయి. ఎంత తగ్గించినా కొంత కారుతూనే ఉంటుంది గనక కాలమ్ మీద రెండూ విడిపోవాల్సిందే. రన్ టైమ్ రెండు నిమిషాలకు కుదించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది, ఈ ఒక్క చోట మాత్రం ఒప్పుకోకండి.

డ్యుటీరియం ఇంటర్నల్ స్టాండర్డ్ (కొలతను సరిచూసుకోవడానికి ప్రతి శాంపిల్‌లో కలిపే, బరువైన హైడ్రోజన్ ఉన్న అదే మందు) ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, విరిగి చేరిన పేరెంట్‌ను అది సరిదిద్దలేదు. క్యూసీలు (తెలిసిన మోతాదు కలిపి చేసే తనిఖీ శాంపిళ్లు) కూడా పేరెంట్ ఒక్కదానితో చేస్తే అన్నీ పాసవుతాయి, ఎందుకంటే విరగడానికి అందులో మెటబొలైటే లేదు. అందుకే రోగి శాంపిల్లో ఉండే మోతాదులో మెటబొలైట్ కలిపిన క్యూసీ ఒక సెట్ తప్పకుండా పెట్టండి.